మైనస్ పదకొండు నిమిషాలు

విజేత సమయం మైనస్ పదకొండు నిమిషాలని ఎల్‌ఈడీ బోర్డు మీద పడేసరికి, పాత రేవు దగ్గర గుమిగూడిన జనానికి చప్పట్లు కొట్టాలో, పోలీసుల్ని పిలవాలో అర్థం కాలేదు.

బోర్డు కింద మల్లాడి నూకరత్నం నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా ఏటిగట్టు దుమ్ము. నలభై రెండు కిలోమీటర్ల నూట తొంభై అయిదు మీటర్లు పరుగెత్తి, అందరికన్నా ముందొచ్చి, ఆమె రిబ్బను తెంచి అప్పటికి ఇరవై నిమిషాలయింది. ఊపిరి కుదుటపడింది గానీ బోర్డు చూశాక మళ్ళీ తప్పింది.

"మైనసేంటండి?" అంది.

టైమింగ్ కంప్యూటర్ ముందున్న ఆపరేటరు తలెత్తకుండానే చెప్పాడు. "మొదలైన టైము తొమ్మిదీ అయిదు అని కొట్టమన్నారు. కొట్టాను. మీరొచ్చింది ఎనిమిదీ యాభై నాలుగు. మీరే తీసెయ్యండి."

"అంటే?"

"అంటే మీరు బయల్దేరకముందే వచ్చేశారండి."

ఆమె వెనకే రెండో స్థానంలో వచ్చిన బ్యాంకు క్యాషియర్ తమ్మిరాజు బోర్డు వంక చూసి అక్కడే కూలబడ్డాడు. అతని పేరు పక్కన ఏడు నిమిషాలని ఉంది. మారథాన్‌ని ఏడు నిమిషాల్లో పూర్తి చేసిన మనిషి భూమ్మీద మరొకడు లేడు.

"నేనే తప్పూ చెయ్యలేదండి బాబూ," అన్నాడతను, ఎవరూ అడక్కపోయినా. "పొద్దున్నించీ పరుగెడుతూనే ఉన్నాను. కావాలంటే నా కాళ్ళు చూడండి."

గోగులపాడు పురపాలక సంఘం ఆ మారథాన్‌ని ఎంతో ముచ్చటపడి పెట్టుకుంది. గోదావరి గట్టు మీద మట్టిబాట. ఒక పక్క ఏరు, ఇంకో పక్క కొబ్బరితోటలు. ఇరవై ఒక్క కిలోమీటర్ల పైచిలుకు ఎగువకి వెళ్ళి, అదే దారిన వెనక్కి రావడం. కరపత్రంలో "రాష్ట్రంలోకెల్లా చదునైన చిన్న మారథాన్" అని వేశారు. ఇంజనీర్లు లెవెల్ మిషను పెట్టి చూస్తే దారి మొత్తమ్మీద తూము దగ్గర ఒక్క అడుగు ఎత్తు తేలింది. ఆ అడుగు కూడా లేకుండా చెయ్యమని కమిషనర్ ఆర్డరేశారు. తూము తీసేస్తే ఊరు మునుగుతుందని ఇంజనీర్లు చెప్పాక, ఆ అడుగును "సాంకేతికంగా చదును" అని రాసుకున్నారు. పోటీదారులు అరవై ఒక్కమంది. అంతా బాగానే ఉంది, సర్క్యులర్ తప్ప.

నదీతీర వినోదాభివృద్ధి సంస్థ అనే రాష్ట్రస్థాయి సంస్థ ఒకటుంది. దాని చైర్మన్ శ్రీ పుండరీకాక్షం గారు. అంతకు ముందు సంవత్సరం వేరే ఊళ్ళో ఆయన వెళ్ళేసరికి పడవ పందేలు అయిపోయి, పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఆ అవమానం లోంచి సర్క్యులర్ పుట్టింది. అందులో పద్నాలుగో క్లాజు ఇది: "ముఖ్య అతిథి వారి ప్రారంభ వాక్యము ధ్వనివర్ధకములో వినబడిన క్షణమే పోటీ ప్రారంభ సమయముగా పరిగణించబడును. మరే ఇతర చర్యయు ప్రారంభము కానేరదు."

పోటీ అయిదున్నరకి. ముఖ్య అతిథిగా పుండరీకాక్షం గారే. ఆయన వచ్చింది తొమ్మిదింటికి. ఆలస్యానికి కారణం అడిగే క్లాజు ఆ సర్క్యులర్‌లో లేదు.

అయితే అయిదూ ముప్పై ఒకటికే మైకులో ఎవరో పరుగు ప్రారంభిస్తున్నానన్నారు. అరవై ఒక్కమందీ పరుగెత్తారు. వేదిక మీద కాఫీ తాగుతున్న కమిషనర్ చిదానందమూర్తి గారు "ఆగండి! ఆగండి!" అని కేకేస్తే, అది ప్రోత్సాహమనుకుని ఇంకా వేగం పెంచారు. ప్రోటోకాల్ సూపరింటెండెంట్ గవర్రాజు ఒక్కడే సర్క్యులర్ చేత్తో పట్టుకుని వాళ్ళ వెనక రెండు వందల మీటర్లు పరుగెత్తి, చెప్పు తెగి ఆగిపోయాడు.

తొమ్మిదింటికి చైర్మన్ గారి కారు దిగేసరికి స్టార్టింగ్ లైను ఖాళీ. కమిషనర్ అప్పటికప్పుడు పారిశుధ్య విభాగం నుంచి పన్నెండు మందిని తెచ్చి నిలబెట్టారు. వాళ్ళు హవాయి చెప్పుల్లో ఉన్నారు. చైర్మన్ గారు తొమ్మిదీ అయిదుకి మైకులో ప్రారంభ వాక్యం పలికి జెండా ఊపారు. పన్నెండు మందీ మలుపు దాకా పరుగెత్తి, కనబడకుండా పోయాక టిఫిన్‌కి వెళ్ళిపోయారు.

చైర్మన్ గారు చేతిలో జెండాతో, అవతల చెమటలు కక్కుతూ కొబ్బరిబొండం తాగుతున్న నూకరత్నాన్ని చూశారు.

"ఆ అమ్మాయెవరు?"

"విజేత అండి," అన్నాడు పక్కనున్న ఫొటోగ్రాఫర్, లోకం తెలియక.

"దేంట్లో?"

కమిషనర్ ఫొటోగ్రాఫర్‌ని వెనక్కి లాగారు. చైర్మన్ గారు జెండాని కమిషనర్ చేతిలో పెట్టారు. "సాయంత్రం నాలుగింటికి బహుమతుల సభకి వస్తాను. నాకంటే ముందు మొదలెట్టిన వాడి పేరు అప్పటికి తేలాలి. రిపోర్టులిస్తే నేను చదవను. సభలో, మైకులో, పదిమందీ వినేలా చెప్పించాలి. అర్థమైందా?"

కారు అతిథి గృహానికి వెళ్ళిపోయింది.

*

నూకరత్నానికి సాయంత్రం నాలుగు కాదు, అయిదు ముఖ్యం.

ఆమెకి ఆ నెలాఖరుకి వయోపరిమితి దాటిపోతుంది. కోరుకుంటున్నది ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు ఉద్యోగం. దరఖాస్తుతో పాటు ప్రభుత్వ గుర్తింపున్న పూర్తి మారథాన్‌ని నాలుగు గంటల లోపు పూర్తి చేసిన సర్టిఫికెట్ జతచెయ్యాలి. గడువు ఆ రోజు సాయంత్రం అయిదు. ఈ ఒక్క పరుగు కోసం ఆమె రెండేళ్ళు తెల్లవారుజామున ఏటిగట్టు మీద పరుగెత్తింది. రేవులో వలలు దులుపుకునే వాళ్ళు "ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేవారు. ఆరేడు నెలలకి అడగడం మానేసి, ఆమె కనబడితే టైము ఎంతయిందో చెప్పుకునేవారు.

మూడు గంటల ఇరవై మూడు నిమిషాలు. ఆమె లెక్క అది. చివరి పది కిలోమీటర్లు గట్టు మీద ఎండ ముఖాన కొట్టింది. అరికాలు బొబ్బ పగిలింది. తూము దగ్గర ఆ సాంకేతికంగా చదునైన అడుగు ఎక్కడానికి తొడలు ఒప్పుకోలేదు. అయినా ఎక్కింది.

"సార్, నా సర్టిఫికెట్," అంది కమిషనర్‌తో.

"చూడమ్మా," అన్నారు చిదానందమూర్తి గారు. ఆయన సంభాషణ కూడా ఫైలు మీద నోటు రాస్తున్నట్టే ఉంటుంది. "సదరు పోటీ తొమ్మిది గంటల అయిదు నిమిషములకు ప్రారంభమైనది. తత్సమయమున మీరు ప్రారంభ రేఖ యందు లేరు. కాబట్టి రికార్డుల ప్రకారం మీరు గైర్హాజరు."

"గైర్హాజరైతే ఫస్టు ఎలా వచ్చానండి?"

"అదే మా ఆందోళన. గైర్హాజరైన వ్యక్తి ప్రథమ స్థానంలో రావడం తీవ్రమైన విషయం. నీ మీద చర్య తీసుకోకుండా ఆపుతున్నానంటే నా మంచితనం."

"మళ్ళీ పరుగెత్తమంటారా?"

కమిషనర్ నిజంగానే ఆలోచించి, గడియారం చూసుకున్నారు. "ఇప్పుడు బయల్దేరితే అయిదులోపు వస్తావా?"

ఆమె అరికాలు వంక చూసుకుంది.

పన్నెండూ ఒక నిమిషానికి ఆఖరి పోటీదారు వచ్చాడు. రిటైర్డ్ పశువుల డాక్టరు విశ్వేశ్వరం గారు. అరవై ఆరేళ్ళు. దారిలో రెండుచోట్ల ఇడ్లీ తిని, ఒకచోట ఎవరి గేదెకో జ్వరం చూసి, నడుచుకుంటూ వచ్చారు. బోర్డు మీద ఆయన పేరు పక్కన రెండు గంటల యాభై ఆరు నిమిషాలని పడింది.

కమిషనర్ గారి ముఖం మొదటిసారి వెలిగింది.

"చూశారా? ఇది నమ్మదగిన సమయం! మైనస్ లేదు, ఏడు నిమిషాల్లాంటి అతిశయోక్తి లేదు. జాతీయ స్థాయి ప్రమాణం. ఈయన్నే విజేతగా ప్రతిపాదిస్తున్నాను."

"నన్నా?" అన్నారు డాక్టరు గారు. "నేను ఆఖర్న వచ్చానయ్యా!"

"ఆఖర్న వచ్చారు కాబట్టే మీది క్రెడిబుల్‌గా ఉంది సార్."

"నేను పరుగెత్తలేదు. నడిచాను."

"నడిచి రెండూ యాభై ఆరంటే, పరుగెత్తితే ఇంకెంత? మీ వంటి వారు ఈ పట్టణంలో ఉండి మాకు తెలియకపోవడం మా దురదృష్టం."

పైగా ఆ లెక్క ప్రకారం ఎవరెంత నెమ్మదిగా వస్తే అంత గౌరవంగా తేలారు. కాలు బెణికి మధ్యలో కూచుండిపోయి, కుంటుతూ వచ్చిన ఇద్దరికి రెండు గంటల నలభై నిమిషాలు వచ్చాయి. వాళ్ళకి ద్వితీయ, తృతీయ బహుమతులు ఖరారయ్యాయి. తమ్మిరాజు తన ఏడు నిమిషాలు ఉపసంహరించుకుంటానని అర్జీ పెట్టుకున్నాడు. ఉపసంహరణకి ఫారం లేదన్నారు.

*

మధ్యాహ్నం పన్నెండున్నరకి షామియానాలో విచారణ మొదలైంది. కమిషనర్ గారు ఏకసభ్య కమిటీ. గవర్రాజు కార్యదర్శి.

మొదటి సాక్షి తమ్మిరాజు.

"అయిదూ ముప్పై ఒకటికి మీకేమి వినబడింది?"

"మైకులో 'ఈ మారథాన్ పరుగును ఇందుమూలముగా ప్రారంభిస్తున్నాను' అని వినబడిందండి. పరుగెత్తాను."

"ఎవరి గొంతు?"

తమ్మిరాజు షామియానా కప్పు వంక చూశాడు. తర్వాత ఏరు వంక చూశాడు. "మగ గొంతేనండి."

"ఎవరిది?"

"పరిచయమున్న గొంతేనండి. కానీ నాకు పరిచయం లేదండి."

గవర్రాజు రాసుకున్నాడు: గుర్తు తెలియని పురుష స్వరము.

రెండో సాక్షికి మంచు వల్ల వినబడలేదు. మూడో సాక్షికి వినబడింది గానీ అర్థం కాలేదు. నాలుగో ఆవిడ, పక్క ఊరి అంగన్‌వాడీ కార్యకర్త, "ఆ గొంతు నాకు తెలుసండి, ఎన్ని సభల్లో..." అని మొదలెట్టి, భర్త దగ్గితే ఆగిపోయింది. "...తెలీదండి" అని ముగించింది.

వేదిక మీదున్న ఉద్యోగులంతా ఆ నిమిషంలో చెవులకి మఫ్లర్లు చుట్టుకుని ఉన్నట్టు లిఖితపూర్వకంగా ఇచ్చారు. కమిషనర్ గారు కూడా తనకి తాను ఒక వాంగ్మూలం ఇచ్చుకున్నారు. ఏకసభ్య కమిటీ దాన్ని సంతృప్తికరంగా స్వీకరించింది. అంతమంది విన్న మాట ఎవరిదో ఎవరికీ తెలియదని ఒంటిగంటన్నరకి తేలింది.

"స్వర పరీక్ష పెట్టాలండి," అన్నాడు గవర్రాజు. అతను నిజాయితీపరుడు. సర్క్యులర్‌ని కళ్ళకద్దుకునే మనిషి. ప్రమాదం ఎప్పుడూ అలాంటి వాళ్ళతోనే. "మన సిబ్బందిలో మగవాళ్ళు ముప్పై ఒక్కమంది. ఒక్కొక్కరిచేతా ఆ వాక్యం మైకులో చెప్పించి, సాక్షుల్ని పోల్చమందాం."

వద్దంటే అనుమానం వస్తుంది. కమిషనర్ సరేనన్నారు.

వాళ్ళు మర్చిపోయిన సంగతొకటుంది. మార్నింగ్ వాకర్స్ సంఘం వాళ్ళు నలభై మంది, అందరూ అరవై దాటినవాళ్ళే, పొద్దున్నించీ రేవు పక్కన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మారథాన్ వాళ్ళందరూ తిరిగొచ్చాక వాళ్ళకి రెండు కిలోమీటర్ల ఆరోగ్య నడక ఉంది. అప్పుడు మళ్ళీ ప్రారంభ వాక్యం వినబడగానే నడవాలని గవర్రాజే వాళ్ళకి మూడుసార్లు చెప్పి పంపాడు.

రెవెన్యూ గుమాస్తా మైకు ముందుకొచ్చి, "ఈ మారథాన్ పరుగును ఇందుమూలముగా ప్రారంభిస్తున్నాను," అన్నాడు.

నలభై మందీ లేచి నడిచారు.

"అయ్యా, మీరు కాదండీ! ఆగండీ!" గవర్రాజు పిన్నీసు పెట్టిన చెప్పుతో వెళ్ళి వాళ్ళని మళ్ళించుకొచ్చాడు. వాళ్ళు కూర్చున్నారు. నీటి సరఫరా ఫిట్టర్ వచ్చి వాక్యం చెప్పాడు. నలభై మందీ లేచారు.

"ఇదేంటయ్యా గవర్రాజూ, లేపడం కూచోబెట్టడం!" అన్నాడు సంఘం అధ్యక్షుడు. "మోకాళ్ళు మావి."

"వినబడినా వినబడనట్టు ఉండండి బాబూ."

"అలా ఉండే వయసు మాకింకా రాలేదు. అది ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి."

ముప్పై ఒకటో గొంతు పూర్తయ్యేసరికి వాకర్స్ సంఘం వాళ్ళు విడతలు విడతలుగా రెండు కిలోమీటర్లకి పైనే నడిచారు. నలుగురు మెడల్స్ కావాలన్నారు. ఇద్దరికి గ్లూకోజ్ పట్టించాల్సొచ్చింది. ఏ గొంతూ సరిపోలలేదు.

"సాగదీయడం రావట్లేదండి వీళ్ళకి," అన్నాడు వాకర్స్ అధ్యక్షుడు, ఎవరూ అడక్కుండానే. "'ప్రారంభీఈఈ' అని ఆగి, జనం వంక చూసి, అప్పుడు 'స్తున్నాను' అనాలి. పొద్దున మేం విన్నది అదీ. గుమాస్తాలకి రాదది. దండలు పడ్డ మెడకే వత్తాది."

ఆయన మాటలు రికార్డు చెయ్యొద్దని కమిషనర్ గవర్రాజుకి చెప్పారు. గవర్రాజు పెన్ను గాల్లో ఆగిపోయింది. అతని ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మరి.

ఆఖరి సాక్షి మైక్‌సెట్ సుభానీ. గోగులపాడులో పెళ్ళయినా, చావయినా, ఓట్లయినా ముందు వినబడేది సుభానీ మైకే. యాభై అయిదేళ్ళుంటాయి.

"మైకు నీదే కదా?"

"మైకు నాదేనండి. గొంతు నాది కాదండి."

"ఎవరిది?"

"నాకు పెళ్ళాంపిల్లలున్నారండి."

"ప్రశ్నకు సమాధానం చెప్పు."

"అదే సమాధానమండి."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి కావలసిన మనిషి దొరికాడు.

*

రెండున్నరకి కమిషనర్ నూకరత్నాన్ని జనరేటర్ వెనక్కి పిలిచారు. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

"నీ సర్టిఫికెట్ గురించి ఆలోచించానమ్మా," అన్నారు, ఆ హోరులోనే గొంతు పెంచి. "మానవతా దృక్పథంతో. మూడూ ఇరవై మూడు అని వేయించి, ముద్ర కొట్టించి ఇస్తాను. నాలుగున్నరకల్లా నీ చేతిలో ఉంటుంది."

"చాలా సంతోషమండి!"

"చిన్న సాంకేతిక అవసరం. సభలో చైర్మన్ గారు అడుగుతారు. ఆ గొంతు సుభానీదని నువ్వు చెప్పాలి. విజేత నోట వస్తే విశ్వసనీయత ఉంటుంది."

"సుభానీ బాబాయ్ కాదు కదండి."

"ఎవరైతే ఏమ్మా? ఎవరో ఒకరు కావాలి. ఒకరు అయ్యారు. అతన్ని బ్లాక్‌లిస్టులో పెడతాం, మున్సిపాలిటీ కార్యక్రమాలకి పిలవం. అంతే. ఉరి వెయ్యం కదా!"

నూకరత్నం వెళ్ళేసరికి సుభానీ లౌడ్ స్పీకర్ల వైర్లు చుడుతున్నాడు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది.

"నా పేరు చెప్పమన్నారా తల్లీ?"

ఆమె తలూపింది.

"చెప్పెయ్."

"నీకేం పిచ్చా బాబాయ్?"

"నాకేం పోద్దే? పెళ్ళిళ్ళకి తిప్పుకుంటాను. నువ్వు రెండేళ్ళు పరిగెత్తావు. నేనూ చూశాను కదా, తెల్లారి నమాజుకెళ్తా ఉంటే. నీకీ ఉద్యోగం రాకపోతే మళ్ళీ రాదు."

"అసలేం జరిగింది?"

సుభానీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం రాజధాని నుంచి ఓ పెన్‌డ్రైవ్ వచ్చింది. ఒకేళ మంచు పడి రాలేకపోతే వేసుకోండని పంపించారు. పొద్దున కమిషనర్ గారే నా చేతికిచ్చి, 'మైకు గరగరమంటోంది, ఏదో ఒకటి వేసి టెస్ట్ చెయ్యవయ్యా' అన్నారు. వేశాను. మీరందరూ లేచిపోయారు. నేను ఆపేలోపే తూము దాటేశారు."

"అందులో గొంతు..."

"నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ గట్టు మీద గేదెలక్కూడా తెలుసు. పేరు మాత్రం అనకు."

నూకరత్నం వైరు ఒక కొస పట్టుకుని అతనికి చుట్టడంలో సాయం చేసింది. ఆ పేరు చెబితే ఉద్యోగం వస్తుంది, బాబాయ్ వీధిన పడతాడు. చెప్పకపోతే బాబాయ్ పేరు ఇంకెవరైనా చెబుతారు, ఆమె గైర్హాజరు. ఎటు తిప్పినా తన పరుగు తనది కాకుండానే పోతోంది.

*

నాలుగింటి సభ నాలుగూ ఇరవైకి మొదలైంది. ఈ మాత్రం ఆలస్యం సకాలం కిందికే వస్తుంది.

విశ్వేశ్వరం గారిని విజేతగా పిలిస్తే, "నేను రాను, నా మానాన నన్ను వదిలెయ్యండి," అని కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. ఆయన వినయానికి సభ చప్పట్లు కొట్టింది. నాలుగూ ముప్పై అయిదుకి చైర్మన్ పుండరీకాక్షం గారు లేచారు.

"ఈ గోదావరీ తీరాన, ఈ చదునైన నేల మీద, నేను ఎందుకు బాధపడుతున్నాను?" అని అడిగి, ఆగి, జనం వంక చూశారు. "వ్యక్తిగతంగా నాకేమీ లేదు. నాకు వ్యవస్థ ముఖ్యం. ముఖ్య అతిథి నోటి మాట రాకముందే పోటీ మొదలెట్టిన ఆ దుర్మార్గుడెవడో ఈ సభలో తేలాలి! ఎంతటివాడైనా సరే! ఎవడు వాడు?"

కమిషనర్ గారు మైకందుకుని, కమిటీ నిర్విరామంగా శ్రమించి దోషిని కనిపెట్టిందనీ, ఆ పేరు పోటీలో ముందుగా వచ్చిన, అంటే రికార్డుల ప్రకారం రాని, కుమారి మల్లాడి నూకరత్నం నోటనే సభకి వినిపిస్తామనీ ప్రకటించారు. వేదిక పక్కన ఆంప్లిఫయర్ దగ్గర కూర్చున్న సుభానీ తలొంచుకున్నాడు.

నూకరత్నం కుంటుతూ వేదిక ఎక్కింది. గడియారం నాలుగూ నలభై. కింద ఆపరేటరు కంప్యూటర్ ముందు, చేతులు కట్టుకుని, ఏ టైము కొట్టమంటారా అని చూస్తున్నాడు.

"భయపడకు తల్లీ," అన్నారు చైర్మన్ గారు. "నేనున్నాను."

"అదేనండి భయం," అంది ఆమె. జనంలో ఎవరో నవ్వారు. "ముందు గవర్రాజు గారిని పద్నాలుగో క్లాజు ఒకసారి చదవమనండి."

గవర్రాజుని ఇన్నేళ్ళలో ఎవరూ సభలో క్లాజు చదవమని అడగలేదు. అతను సంబరంగా లేచి, చూడకుండా చదివాడు. "ముఖ్య అతిథి వారి ప్రారంభ వాక్యము ధ్వనివర్ధకములో వినబడిన క్షణమే పోటీ ప్రారంభ సమయముగా పరిగణించబడును."

"మనిషి ఎదురుగా ఉండాలని ఉందాండి అందులో?"

గవర్రాజు కాగితం తీసి చూశాడు. తిరగేసి చూశాడు. "లేదమ్మా. వినబడాలనే ఉంది."

కమిషనర్ గారికి ఏదో తేడాగా తోచింది. "టాపిక్‌కి రామ్మా," అన్నారు.

"వస్తున్నానండి. పొద్దున అయిదూ ముప్పై ఒకటికి మైకు టెస్ట్ చేస్తూ ఒక పెన్‌డ్రైవ్ వేశారండి. రాజధాని నుంచి వచ్చింది. అందులో మాటలు విని మేం అరవై ఒక్కమందీ బయల్దేరాం. ఆ గొంతు సుభానీ బాబాయ్‌ది కాదండి. ఆయన గొంతు ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు? తప్పిపోయిన గేదె గురించి చెప్పాలన్నా ఆయనే కదా."

"మైకు! మైకు చూడండి!" అన్నారు కమిషనర్ గారు, సుభానీ వైపు చెయ్యి అడ్డంగా ఊపుతూ. అలా ఊపితే కట్టెయ్యమని అర్థం.

సుభానీ ఆ చెయ్యి వంక చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి ఎలా ఊగితే అలా చేసినవాడు. ఇవాళ మాత్రం నాబ్ పట్టుకుని, మెల్లగా, కుడివైపుకి ఆఖరిదాకా తిప్పాడు. ఆమె ఊపిరి కూడా ఏటికి అవతలి ఒడ్డున వినబడింది.

పుండరీకాక్షం గారికి ఇవేమీ పట్టలేదు. నెలకి అలాంటివి యాభై రికార్డు చేస్తారు. ఏది ఏ ఊరికో ఆయనకి గుర్తుండదు. దోషి చేతికందే దూరంలో ఉన్నాడన్న ఉత్సాహంలో ఆయన కుర్చీలోంచి లేచి ముందుకొచ్చారు.

"ఏమన్నాడమ్మా వాడు ఆ రికార్డులో?"

"'ఈ మారథాన్ పరుగును ఇందుమూలముగా ప్రారంభీఈఈ...'" నూకరత్నం ఆగింది. జనం వంక చూసింది. "'...స్తున్నాను' అన్నారండి."

ముందు వరసలో వాకర్స్ సంఘం వాళ్ళు మాత్రం లేవలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గవర్రాజు మెల్లగా కూర్చున్నాడు. ఆపరేటరు కట్టుకున్న చేతులు విప్పి కీబోర్డు మీద పెట్టాడు.

"ఎవడు వాడు?" చైర్మన్ గారి గొంతు లౌడ్ స్పీకర్లలో మోగింది. "నా వాక్యం వాడుకుని వ్యవస్థని కాలరాసిన వాడెవడు? పేరు! పేరు చెప్పమ్మా! ఎంతటివాడైనా సరే, ఈ సభలోనే మాట ఇస్తున్నాను, వదలను!"

నూకరత్నం రెండు చేతులతోనూ మైకు పట్టుకుంది.

"మీరేనండి," అంది. "అయిదూ ముప్పై ఒకటికి మా పరుగు ప్రారంభించింది ముఖ్య అతిథి శ్రీ పుండరీకాక్షం గారండి."